రెండు డబుల్ బాస్‌లతో ఇంప్రొవైజ్డ్ ఆల్బమ్: అంతా ముద్దైపోకుండా రికార్డ్ చేయడం ఎలా?

నాలుగుతీగలు (ప్రశ్న)

ఇద్దరం బాస్ వాయించేవాళ్లం. డ్రమ్స్, పియానో ఏమీ లేకుండా రెండు డబుల్ బాస్‌లతోనే 40 నిమిషాల జాజ్ ఆల్బమ్ చేద్దామని ఉంది. ముందే రాసుకున్న ట్యూన్లు ఉండవు, అంతా అప్పటికప్పుడు పుట్టేదే. ట్రయల్ టేకులు వింటే రెండు సమస్యలు తేలాయి. ఎవరు ఏది వాయిస్తున్నారో తెలియడం లేదు. కింది స్వరాల్లో అంతా గురగురమంటోంది.

అడగదలచుకున్నవి: ఇద్దరూ ఒకే గదిలో ఉండాలా, వేరువేరుగానా? మైకులు ఏవి, ఎక్కడ? ఇంప్రొవైజేషన్ అంటూనే ముందుగా ఎంతవరకు అనుకోవచ్చు? తర్వాత కత్తిరించి అతికించడానికి వీలుంటుందా?

---

మంద్రస్థాయి

గురగుర సంగతి మిక్స్‌లో చూసుకుందాంలే అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అది వాయించేచోటే తేలాలి.

అన్నిటికన్నా కింద ఉండే ఓపెన్ 'ఈ' 41.2 హెర్ట్జ్. దాని మీద మైనర్ థర్డ్ అయిన 'జి' 49 హెర్ట్జ్. మధ్యలో ఎనిమిది హెర్ట్జ్ కూడా లేదు. అంత కింద అంత దగ్గరగా ఉన్న స్వరాలను చెవి విడదీయలేదు, ఒకే స్వరం వణుకుతున్నట్టు వింటుంది. అదే 'ఈ' మీద రెండోవారు మేజర్ థర్డ్‌ను ఒక ఆక్టేవ్ పైకి తీసుకెళ్లి, అంటే టెన్త్‌గా, 103.8 హెర్ట్జ్ దగ్గర 'జి షార్ప్' పెట్టి చూడండి. రెండు స్వరాలూ విడివిడిగా వినిపిస్తాయి, హార్మొనీ కూడా తెలుస్తుంది. కాబట్టి ఇద్దరి మధ్య ఒక్క మాట అనుకోండి: ఒకరు అడుగు ఆక్టేవ్‌లో ఉన్నంతసేపు రెండోవారు ఓపెన్ 'జి' (98 హెర్ట్జ్) కంటే కిందికి రాకూడదు. ఇద్దరూ కలిసి అడుగుకి దిగే చోట్లు ఉండొచ్చు, బాగుంటాయి కూడా. అయితే అవి కావాలని దిగినవై ఉండాలి.

ఎవరెవరో తెలియకపోవడం వేరే జబ్బు. ఇద్దరూ స్టీల్ తీగలు వేసి, ఇద్దరూ పిజికాటోలో (వేళ్లతో లాగి), ఇద్దరూ ఫింగర్‌బోర్డు చివర ఒకేచోట లాగుతుంటే ఎంత మంచి మైకూ విడదీయదు. వీలైతే ఒకరు గట్ తీగలకు (జంతువుల పేగుతో చేసినవి) మారండి. గట్ మీద స్వరం ఠప్పున లేచి తొందరగా పడిపోతుంది, స్టీల్ మీద చాలాసేపు మోగుతుంది. ఈ ఒక్క తేడాతోనే వినేవాడికి సగం పని తీరిపోతుంది. తీగలు మార్చలేకపోతే చేతులతో తేడా తెండి. ఒకరు కమాను పట్టినప్పుడు ఇంకొకరు వేళ్లతో లాగాలి. ఇద్దరూ కమాను పడితే ఒకరు బ్రిడ్జికి (తీగలను మోసే చెక్కకు) ఆనుకుని గీయండి, పై హార్మోనిక్స్ (మూలస్వరం మీద తేలే పైస్వరాలు) గీరుగా బయటికొస్తాయి. ఇంకొకరు ఫింగర్‌బోర్డు మీదికి జరిపి గీస్తే మెత్తగా, ఊపిరి కలిసినట్టు వస్తుంది.

ఒకరు సోలో ట్యూనింగ్ వాడటం కూడా మంచి ఎత్తే. మామూలు 'ఈ-ఏ-డి-జి'కి బదులు ఒక హోల్ టోన్ పైన 'ఎఫ్ షార్ప్-బి-ఈ-ఏ'. దానికి తగిన సన్నటి తీగల సెట్ వేయాలి. మామూలు తీగలనే బిగిస్తే బాస్ పొట్ట మీద భారం పెరుగుతుంది, శబ్దం కూడా నొక్కుకుపోతుంది. లాభమేంటంటే ఇద్దరి సహజ హార్మోనిక్స్ (తీగను నొక్కకుండా తాకితే వచ్చే స్వరాలు) వేరువేరు స్వరాల మీద పడతాయి. రెండూ కలిపితే ఒక్క బాస్ మీద దొరకని స్కేళ్లు హార్మోనిక్స్‌లోనే దొరుకుతాయి.

ఇక ముందుగా ఎంత అనుకోవాలన్నది. స్వరాలు వద్దు, హద్దులు చాలు. "మొదటి రెండు నిమిషాలు ఇద్దరమూ కమాను మాత్రమే", "ఈ టేక్‌లో ఒకరు రెండు తీగలు దాటరు", ఇలాంటివి. ఇద్దరు ఇంప్రొవైజర్లు పడే పెద్ద గొయ్యి అనుకరణ. ఒకరు 'డి' తీగ మీద మూడు స్వరాల ముక్క వేస్తారు. రెండోవారు రెండు సెకన్లలో అదే ముక్కను తిరగేసి వేస్తారు. మొదటివారు దాన్ని మళ్లీ అందుకుంటారు. ఒక నిమిషం ముచ్చటగా ఉంటుంది, ఆ తర్వాత పింగ్‌పాంగ్ ఆట. రికార్డింగుకి ముందు వారం అనుకరణ పూర్తిగా నిషేధించి ఐదేసి నిమిషాల టేకులు చేయండి. ఎదుటివారు ఏం వేసినా మీది మీరు కనీసం 30 సెకన్లు మార్చకుండా నిలబెట్టాలి. మొదట్లో మొండితనంలా అనిపిస్తుంది. వింటున్నవారికి మాత్రం అప్పుడే ఇద్దరు మనుషులు కనిపిస్తారు.

వినాల్సినవి చాలా ఉన్నా ఒక్కటి చెబుతాను. బాసిస్టులు డేవ్ హాలండ్, బార్ ఫిలిప్స్ కలిసి ఈసీఎమ్ రికార్డు కంపెనీకి 1971లో చేసిన రికార్డు. ఇద్దరిలో ఎవరు ఎప్పుడు కిందికి దిగుతున్నారు, ఎవరు పైకి తప్పుకుంటున్నారు అన్నదొక్కటే కాగితం మీద రాసుకుంటూ ఒకసారి వినండి.

---

గదిగణితం

వేరువేరు గదులు వద్దు. హెడ్‌ఫోన్‌లో వింటూ వాయిస్తే ఊపిరి, భుజం కదలిక, కమాను ఎత్తడం ఏవీ కనబడవు. ఇంప్రొవైజేషన్‌లో సగం సైగలు అవే. ఒకే గదిలో, ఒకరి చేతులు ఒకరికి కనిపించేలా నిలబడండి. బ్లీడ్ (ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి చొరబడటం) ఎలాగూ ఉంటుంది, అది చెడగొట్టకుండా అమర్చుకుంటే చాలు.

ముందు గది. కొలతలు తెలుసుకోండి. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, 343ని (శబ్దం సెకనుకు వెళ్లే మీటర్లు) దానితో భాగిస్తే ఆ గది ఏ స్వరం దగ్గర ఉబ్బుతుందో తెలుస్తుంది. 4.2 మీటర్ల గది అయితే సుమారు 41 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఓపెన్ 'ఈ'. సీలింగ్ 3 మీటర్లయితే 57, అది ఓపెన్ 'ఏ'కి దగ్గర. అలాంటి గదిలో ఆ స్వరం ఒక్కటీ గుమ్మని లేచి పక్క స్వరాలను మింగేస్తుంది. గది మార్చలేకపోతే మనిషిని జరపండి. నెమ్మదిగా క్రోమాటిక్ స్కేల్ వాయిస్తూ, ఒక్కో స్వరం సమానంగా వచ్చేదాకా 30 నుంచి 50 సెంటీమీటర్ల చొప్పున జరిగితే చాలాసార్లు దారి దొరుకుతుంది. గది నట్టనడుమ, గోడ మూల, రెండూ చెడ్డ చోట్లే.

కింద నేల కూడా చూడండి. బోలు చెక్క వేదిక మీద ఎండ్‌పిన్ (బాస్ అడుగున నిలబెట్టే ముల్లు) గుచ్చితే వేదిక మొత్తం మూడో బాస్ అయిపోతుంది. ఒకరు లాగిన స్వరానికి పక్కవారి బాస్ ఓపెన్ తీగలు వాటంతటవే మోగుతాయి. ఒక్కో ఎండ్‌పిన్ కింద మందపాటి రబ్బరు ముక్క, దాని కింద బరువైన రాతి పలక పెడితే చాలావరకు తగ్గుతుంది. గాలిలోంచి వచ్చే సానుభూతి ప్రకంపనలు మాత్రం పోవు. ఖాళీగా ఉన్నప్పుడు ఎడమ చేతిని తీగల మీద మెత్తగా ఆనించి ఉంచాలి. లేదా ఆ మోతనే సంగీతంలో భాగం చేసుకోవాలి.

ఇప్పుడు మైకులు. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, కాస్త ఓపిగ్గా చదవండి. ఎదురెదురుగా కూర్చుంటే కార్డియాయిడ్ వాడండి. మీ బాస్ వైపు తిరిగిన మైకు వీపు సహజంగా ఎదుటివారి వైపు ఉంటుంది, కార్డియాయిడ్‌కి వీపు వైపు చెవిటితనం. పక్కపక్కన కొంచెం 'వి' ఆకారంలో నిలబడితే ఫిగర్-ఎయిట్ వాడండి. దానికి రెండు పక్కలా చెవుడు, ఆ పక్కను సరిగ్గా రెండో బాస్ వైపు తిప్పాలి. ఇది తారుమారు చేసి, ఎదురెదురుగా కూర్చుని ఫిగర్-ఎయిట్ పెడితే దాని వెనక ముఖం నేరుగా ఎదుటి బాస్‌ని చూస్తుంది. అప్పుడు ఆ మైకు పెట్టీ పెట్టనట్టే.

దూరం: బ్రిడ్జి ఎత్తులో, ఎఫ్-హోల్‌కి (బాస్ పొట్ట మీది 'ఎఫ్' ఆకారపు రంధ్రానికి) నేరుగా కాకుండా బ్రిడ్జికీ దానికీ నడుమ గురిపెట్టి 40 సెంటీమీటర్లు. ఎఫ్-హోల్‌లోకే గురిపెడితే పెట్టెలోని గాలి గుమ్మనడమే ఎక్కువ వస్తుంది. వేళ్ల శబ్దం కావాలంటే ఫింగర్‌బోర్డు చివర వైపు ఇంకో చిన్న డయాఫ్రమ్ మైకు. కార్డియాయిడ్‌నైనా ఫిగర్-ఎయిట్‌నైనా మరీ దగ్గరికి తెస్తే అడుగు స్వరాలు కృత్రిమంగా లావెక్కుతాయి. 20 సెంటీమీటర్ల లోపలికి వెళ్లకండి.

రెండు బాస్‌ల మధ్య 2 మీటర్లు ఉంచితే, రెండో బాస్ శబ్దం మీ మైకుకి చేరేసరికి మీదానికంటే సుమారు 14 డెసిబెల్స్ తక్కువ ఉంటుంది (40 సెంటీమీటర్లకు 2 మీటర్లు, అంటే అయిదింతలు). అప్పుడు రెండు మైకులూ కలిపినా వచ్చే ఎగుడుదిగుడు 2 డెసిబెల్స్ లోపే. అదే మీటరు దూరంలో నిలబడి మైకును కూడా 80 సెంటీమీటర్లకు లాగితే రెండు శబ్దాలూ దాదాపు సమానమైపోతాయి. ఒక్కో స్వరం మాయమవుతూ, ఇంకొకటి ఉబ్బుతూ ఉంటుంది. ఏ ఈక్వలైజరూ దాన్ని బాగుచేయలేదు.

వీటికి తోడు ఇద్దరికీ కలిపి 2 నుంచి 3 మీటర్ల ముందు ఒక స్టీరియో జత. గది బాగుంటే జతగా ఓమ్నీలు (అన్ని వైపులా ఒకేలా వినే మైకులు) పెట్టండి, అడుగు స్వరాలు నిండుగా వస్తాయి. అసలు బాస్ ఒంటరిగా వాయించి ఆల్బమ్ చేయొచ్చని చూపిన బార్ ఫిలిప్స్ 1968 రికార్డింగు లండన్‌లోని ఒక చర్చిలో చేసిందే. బాస్‌కి పెద్ద గది ఎంత మేలు చేస్తుందో దాంట్లో వినిపిస్తుంది.

లెవెల్: 24 బిట్, 48 లేదా 96 కిలోహెర్ట్జ్. ఎంత గట్టిగా తీగ కొట్టినా పీక్ -10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. తీగ లాగి ఫింగర్‌బోర్డు మీద చళ్లున కొట్టే దెబ్బ మామూలు పిజికాటో కంటే చాలా పైకి లేస్తుంది, దాన్ని ముందే కొట్టి చూసుకోండి. హై-పాస్ ఫిల్టర్ (అడుగు స్వరాలను కోసేది) 25 నుంచి 30 హెర్ట్జ్ దాటొద్దు. గాత్రానికి అలవాటైన 80 దగ్గర పెడితే 'ఈ', 'ఏ' తీగల మూలస్వరాలు ఊడిపోతాయి.

---

కమాను

పైన ఇద్దరూ అంతా చెప్పేశారు, శృతి ఒక్కటి వదిలేశారు. రెండు బాస్‌ల ఆల్బమ్‌కి అదే ప్రాణం.

(ఇంకో మాట. దయచేసి 'ఈ' తీగ, 'ఏ' తీగ అని కొటేషన్లలోనే రాయండి. "ఈ తీగ ఏ తీగ?" అని అడిగితే ప్రశ్నో జవాబో అర్థం కాక ఈ ఫోరంలో తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.)

రెండు ఓపెన్ 'ఈ'లు 5 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) తేడాగా ఉన్నాయనుకోండి. మూలస్వరం దగ్గర ఆ తేడా 0.12 హెర్ట్జ్, అంటే ఎనిమిది సెకన్లకు ఒక్క ఊగు (శబ్దం పెరిగి తగ్గడం). చెవికి పట్టదు. నాలుగో హార్మోనిక్ దగ్గర (సుమారు 165 హెర్ట్జ్) అదే తేడా రెండు సెకన్లకు ఒక ఊగు. అందుకే రెండు బాస్‌లనూ ఎప్పుడూ ఓపెన్ తీగలతో కలపకండి, హార్మోనిక్స్‌తో కలపండి. ముందు ఇద్దరూ 'ఏ' తీగ మీద నాలుగో వంతు దగ్గర వేలు తాకించి, 220 హెర్ట్జ్ హార్మోనిక్‌ని కమానుతో పొడుగ్గా పట్టండి. ఊగు ఆగేదాకా ఒకరే బిరడా తిప్పాలి, రెండోవారు చేయి పెట్టకూడదు. ఆ తర్వాత ఎవరి బాస్ వారు: 'డి' తీగ మూడో హార్మోనిక్, 'ఏ' తీగ నాలుగో హార్మోనిక్, రెండూ ఒకే స్వరం కావాలి. అలాగే 'జి'కి 'డి'తో, 'ఏ'కి 'ఈ'తో. ఇలా చేసే శుద్ధ ఫోర్త్ ఒక్కోటి టెంపర్డ్ ఫోర్త్ (ట్యూనర్ చూపే సమభాగాల ఫోర్త్) కంటే 2 సెంట్లు చిన్నది. అంచేత 'ఈ' నుంచి 'జి' దాకా మొత్తం మీద ఎలక్ట్రానిక్ ట్యూనర్‌తో పోలిస్తే 6 సెంట్లు తేడా వస్తుంది. ఒకరు ట్యూనర్ చూసి, ఇంకొకరు హార్మోనిక్స్ విని కలిపితే గొడవంతా ఇక్కడే. ఇద్దరూ ఒకే పద్ధతి. గట్ తీగలు గదిలో తేమ మారితే జారిపోతాయి కాబట్టి ప్రతి టేక్ ముందూ 'ఏ' హార్మోనిక్ ఒక్కసారి సరిచూసుకోవాలి. సోలో ట్యూనింగ్ బాస్‌కి పై తీగే 'ఏ' (110 హెర్ట్జ్), దాని సగం దగ్గరి హార్మోనిక్ కూడా 220 కాబట్టి అక్కడే కలపొచ్చు.

ఉల్ఫ్ టోన్ సంగతి: పొడుగు కమానులో ఒక స్వరం తడబడుతూ, గొంతు పూడినట్టు వస్తే అదే. బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కీ మధ్య తీగ ముక్క మీద ఇత్తడి ఎలిమినేటర్ బిగించి, కొద్దికొద్దిగా జరుపుతూ చూడండి. రికార్డింగు రోజున కాదు, వారం ముందు.

---

నాలుగుతీగలు

చాలా థాంక్సండి. రెండు చిన్న సందేహాలు. ఇద్దరికీ బ్రిడ్జి మీద పీజో పికప్ (చెక్క ప్రకంపనను నేరుగా పట్టే సెన్సర్) ఉంది, దాన్ని కూడా రికార్డ్ చేస్తే విడదీయడానికి పనికొస్తుందా? స్టీరియోలో ఒకరిని పూర్తిగా ఎడమకి, ఒకరిని పూర్తిగా కుడికి పెట్టేస్తే ఎవరెవరో తేలిపోతుంది కదా?

---

గదిగణితం

పికప్ రికార్డ్ చేయండి, బీమా లాంటిది. కానీ నేరుగా ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చకండి. పీజోకి ఎదురుగా ఇన్‌పుట్ ఇంపిడెన్స్ కనీసం 1 మెగాఓం ఉండాలి, 10 ఉంటే మరీ మంచిది. తక్కువైతే అడుగు స్వరాలు కరిగిపోయి రేకు డబ్బా శబ్దం మిగులుతుంది.

పికప్‌ని మైకుతో కలిపితే ఇంకో తిరకాసు. మైకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి దానిలోకి శబ్దం సుమారు 1.2 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అలాగే కలిపితే 430 హెర్ట్జ్ చుట్టుపక్కల బోలుగా వినిపిస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో అయితే పికప్ ట్రాక్‌ని 56 శాంపిల్స్ ఆలస్యం చేయండి. తర్వాత పోలారిటీ అటూ ఇటూ తిప్పి, అడుగు నిండుగా ఉన్న వైపు ఉంచండి. వాటా విషయానికొస్తే, మైకు ముందు పికప్ కూరలో ఉప్పులా ఉండాలి. ఎక్కువైందని తెలిస్తే అప్పటికే చాలా ఎక్కువైనట్టు.

---

కత్తెర

ప్యానింగ్ (శబ్దాన్ని ఎడమకీ కుడికీ పంచడం) గురించి. పూర్తిగా ఎడమ, పూర్తిగా కుడి వద్దు. హెడ్‌ఫోన్‌లో వింటే ఒక చెవిలో 41 హెర్ట్జ్, ఇంకో చెవిలో నిశ్శబ్దం, పది నిమిషాల్లో తల దిమ్మెక్కుతుంది. దగ్గరి మైకులను చెరో 30-40 శాతం తిప్పండి, మిగతా వెడల్పు ముందు పెట్టిన స్టీరియో జతే ఇస్తుంది. వినైల్ ఆలోచన ఉంటే ఇది ఇష్టాయిష్టాల మాట కూడా కాదు. రెండు ఛానెళ్లలో అడుగు స్వరాలు వేరువేరుగా ఉంటే గాడి పైకీ కిందికీ ఊగి ముల్లు ఎగిరిపోతుంది. అందుకే కటింగ్ ఇంజినీర్ 100-150 హెర్ట్జ్ కింద అంతా మధ్యకి లాగేస్తారు. మీరు వినిపించాలనుకున్న వెడల్పు అక్కడే పోతుంది. బాస్ గాడిలో చోటు కూడా బాగా తింటుంది. 33 ఆర్‌పీఎంలో ఒక వైపు 18 నిమిషాలకు ఆపితే లెవెల్ దక్కుతుంది. మీ 40 నిమిషాలను అటు 18, ఇటు 18గా కుదించుకోవాల్సి రావొచ్చు, ముందే చూసుకోండి.

కత్తిరింపు: మంద్రస్థాయి గారు చెప్పిన హద్దులతో నాకు పేచీ లేదు. ఒక్కటి మాత్రం కలపాలి, టేక్ నిడివి. నాలుగు నుంచి ఏడు నిమిషాలు పెట్టుకోండి. ఆపకుండా 25 నిమిషాలు వాయిస్తే అందులో బాగున్న ఆరు నిమిషాలకు మొదలూ తుదీ ఉండవు. బ్లీడ్ ఉంది కాబట్టి ఒకరి ట్రాక్‌లో తప్పుని మాత్రమే తీసి ఇంకో టేక్ నుంచి అతికించడం కుదరదు. రెండో మైకులో పాత తప్పు దెయ్యంలా వినిపిస్తూనే ఉంటుంది. కోస్తే అన్ని ట్రాకులూ ఒకేచోట కోయాలి, అదీ ఇద్దరూ ఆగిన చోట. తీగ మోత పూర్తిగా తగ్గని చోట కోస్తే 20-30 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గిస్తూ ఇంకొకటి పెంచడం) చాలదు, 200 దాకా పెట్టి చూడండి. అడుగు స్వరం ఒక్క చక్రం పూర్తవడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది మరి.

టేకులు విన్న వెంటనే ఎంచకండి. వాయించినవారికి ఆ రోజు బాగా గుర్తుండేది ఎవరు ఎవరిని చక్కగా అందుకున్నారన్నది. మూడు నాలుగు రోజులాగి, ఇద్దరూ విడివిడిగా విని, ఒకరి జాబితా ఒకరికి చూపకుండా రాసుకోండి. రెండు జాబితాల్లోనూ ఉన్నవి ఆల్బమ్‌లోకి. వరుస పెట్టేటప్పుడు కమానుతో ముగిసినదాని తర్వాత పిజికాటోతో మొదలయ్యేది రావాలి. ఒకే ఓపెన్ తీగ మీద ముగిసే రెండు టేకులు పక్కపక్కన వద్దు.

---

నాలుగుతీగలు

అర్థమైంది. పక్కపక్కన 2 మీటర్లు, ఫిగర్-ఎయిట్లు, నాలుగు నుంచి ఏడు నిమిషాల టేకులు, ఒకరు గట్. ఇంకేమైనా మర్చిపోయామా?

---

కత్తెర

ప్రతి టేక్ చివర చేతులు తీగల మీంచి తీసేసి, ఎవరూ కదలకుండా, కమాను కిందికి దించకుండా పదిహేను సెకన్లు నిలబడండి. బాస్ చివరి మోత అనుకున్నదానికంటే చాలాసేపు ఉంటుంది. సగం మంచి ముగింపులు కుర్చీ కిర్రుమనడం వల్లే చెత్తబుట్టకి పోతాయి. సెషన్ మొదట్లో ఒకసారి, మైకులు, మనుషులు, బాస్‌లు అన్నీ ఉన్నచోటే ఉండగా, ఒక నిమిషం ఖాళీ గది శబ్దం కూడా రికార్డ్ చేసి పెట్టుకోండి. రెండు టేకుల మధ్య ఖాళీ నింపడానికి అదే కావాలి. డిజిటల్ నిశ్శబ్దం పెడితే గది ఒక్కసారిగా ఊడిపోయినట్టు తెలిసిపోతుంది.

---

కమాను

బూట్ల సంగతి కూడా. మెత్తటి అరికాళ్లవి వేసుకోండి, లేదా విప్పేయండి. లయ పుంజుకోగానే కాలు తాళం వేస్తుంది, ఆ తాళం నేల మీంచి ఎండ్‌పిన్ గుండా పికప్‌లోకి ఎక్కుతుంది.